అన్నం వేళకు వచ్చిన అప్పులవాళ్ళు

నాకు ముక్కు మీద కోపం అని మా వాళ్ళంతా అంటారు. అననీ. ఆ కోపమే లేకపోతే మా దుకాణం షట్టర్ ఈపాటికి ఎప్పుడో దిగిపోయి ఉండేది. ఇప్పటికీ మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో దుకాణం ముందు బైక్ ఆగిన చప్పుడు వినిపిస్తే నా చేతిలో గంటె ఒక్క క్షణం ఆగుతుంది. అది భయమని మా ఆడపడుచు అనుకుంటుంది. భయం కాదు, ఒళ్ళు మంట.

మాది నల్లగండ్లలో కర్రీ పాయింట్. చుట్టూ అన్నీ అపార్ట్‌మెంట్లే. వాటిలో ఉండేవాళ్ళలో సగం మందికి వండుకునే తీరిక లేదు, మిగతా సగానికి తీరిక ఉన్నా ఓపిక లేదు. మాకు రెండు రకాలవాళ్ళూ కావాలి. కూరలూ వేపుళ్ళూ పచ్చళ్ళూ నావి. అన్నం, పప్పు, సాంబారు మా ఆయనవి. పొద్దున్నే ఆ రోజు ఏమేం వండుతున్నామో వాట్సాప్ గ్రూపులో పెడతాను. మధ్యాహ్నానికి మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకుని వరుసలో నిలబడతారు. గల్లా ముందు అంచున, కొనేవాళ్ళ వైపు తిప్పి స్కానర్ పెట్టాం. నా పక్కన, పైసలు పడగానే ఎన్ని పడ్డాయో గట్టిగా చెప్పే స్పీకర్ డబ్బా ఉంటుంది. రద్దీలో ఎవరి ఫోన్‌లోకీ తొంగి చూసే పని లేదు. డబ్బా అరిస్తే ప్యాకెట్ చేతిలో పెట్టేయడమే.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నోటి నుంచి తప్పకుండా వచ్చే మాట ఒక్కటే. అన్నం వేళకు దుకాణం ముందు ఎవరు నిలబడినా "తిన్నవా?" అని అడుగుతాడు. కూరగాయలు దించే ఆటో అతన్నీ, కరెంటు మీటరు చూసే అతన్నీ, అడ్రస్ అడగడానికి బండి ఆపినవాణ్ణీ అదే అడుగుతాడు. లేదంటే స్టూలు జరిపి, ప్లేటులో ఇంత అన్నం, ఇంత పప్పు వేసి ఇస్తాడు. అమ్ముకునేది మనమే, ఊరికే పెట్టేదీ మనమేనా అని దుకాణం పెట్టిన కొత్తలో పోట్లాడేదాన్ని. వాళ్ళ నాయన కూడా పొలం దగ్గర అంతేనట. ఎడ్లబండి ఆపి మరీ అడిగేవాడట. ఆ పొలం ఉన్న చోట ఇప్పుడు అద్దాల ఆఫీసు ఉంది. దాన్ని అమ్మినప్పుడు చేతికొచ్చింది ఏ మూలకూ రాలేదు. అది వేరే కోపం, ఇక్కడ చెప్పను.

సాయంత్రాలు దుకాణం ఖాళీగా ఉంటోందని ఇడ్లీ, దోసె పిండి అమ్మాలనుకున్నాం. దానికి పెద్ద గ్రైండర్ కావాలి, పిండి పులిసిపోకుండా పెద్ద ఫ్రిజ్ కావాలి. బ్యాంకువాళ్ళు ఆ కాగితం తే, ఈ కాగితం తే అని తిప్పించుకుని చివరికి చేతులెత్తేశారు. ఒక ఫైనాన్స్ కంపెనీవాళ్ళు మాత్రం దుకాణానికే వచ్చారు. మా పచ్చి పులుసు మెచ్చుకున్నారు. వేలిముద్ర వేయించుకుని వారంలో రెండు లక్షలు ఇచ్చారు. గ్రైండరూ ఫ్రిజ్జూ వాళ్ళకే తాకట్టు. వాయిదాలు ఆగితే రెండూ ఎత్తుకుపోవచ్చని అప్పు కాగితంలో రాసి ఉంది. చదవక కాదు, చదివే ఒప్పుకున్నాం. కడతాం కదా అనుకున్నాం. ఏడాది పైచిలుకు ఒక్క వాయిదా తప్పకుండా కట్టాం కూడా. పిండి బాగా పోయింది. సాయంత్రం ఆఫీసు బస్సు దిగి, ఇంటికి పోతూ ఒక ప్యాకెట్ పట్టుకుపోయేవాళ్ళు.

అప్పుడు మా సందులో మురుగు పోయే మోరీ పైపులకని తవ్వారు. సరిగ్గా మా షట్టర్ ముందు గొయ్యి, దాని పక్కన నడుమెత్తు మట్టి కుప్ప. తవ్వినవాళ్ళు తవ్వి పోయారు. వానకు గొయ్యి నిండింది. రెండు చెక్కలు వేసి దారి చేశాం గానీ, తెల్ల బూట్లు వేసుకున్నవాళ్ళు ఆ చెక్కల మీద నడిచి వచ్చి బెండకాయ వేపుడు కొంటారా? ఫోన్‌లో వేరే చోటి నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పు పట్టను. తవ్వినవాళ్ళను పట్టాలి, కానీ వాళ్ళు మళ్ళీ కనబడితే కదా. దుకాణం కిరాయి ఆగదు, గ్యాస్ ఆగదు. ఆగగలిగింది వాయిదా ఒక్కటే, అది ఆగింది.

వాళ్ళు అడగకముందే నేనే మాదాపూర్‌లోని ఆఫీసుకు పోయాను. ఎగ్గొట్టే ఆలోచన ఉన్నవాళ్ళెవరూ చీర మార్చుకుని, దుకాణం వదిలేసి, రెండు ఆటోలు మారి పోరు. గొయ్యి ఫొటోలు కూడా తీసుకుపోయాను. అక్కడున్న అమ్మాయి వాటిని చూడనైనా చూడలేదు.

"మూడు నెలలు టైమియ్యమ్మా. ఆ గుంత పూడ్వంగనే వడ్డీతోటి కడతం."

"సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు మేడమ్."

"సిస్టమ్‌ని కాదమ్మా, నిన్ను అడుగుతున్న."

"సిస్టమ్ యాక్సెప్ట్ చేయదు మేడమ్. ప్లీజ్, నెక్స్ట్."

నెక్స్ట్ అంది గానీ, నా వెనక ఎవరూ లేరు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున తాలింపు వేసే వేళకు ఒకటి, కూరగాయలు కొనేటప్పుడు ఒకటి, చెవిలో జోరీగలా. ఆ తర్వాత మనుషులు వచ్చారు. ఇద్దరు. ఒకతను మాట్లాడడు, ఫోన్‌లో మా దుకాణం ఫొటోలు తీస్తుంటాడు. రెండో అతను మాట్లాడటానికే వస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బైక్ దిగినా హెల్మెట్ మోచేతికి అలాగే వేలాడుతుంటుంది. వాళ్ళు పొద్దున రారు, సాయంత్రం రారు. సరిగ్గా వరుస నిండుగా ఉన్నప్పుడే వస్తారు. వసూలుకు అది మంచి వేళ అని వాళ్ళకు ఎవరో నేర్పి ఉంటారు. నలుగురి ముందు అడిగితే సిగ్గుపడి కడతారని. సిగ్గుపడాల్సింది ఎవరో మాత్రం నేర్పలేదు.

మొదటి రోజు అతను గల్లా మీద మోచెయ్యి ఆనించి, "అక్కా, కంపెనీ నుంచొచ్చినం" అన్నాడు, వరుస చివరిదాకా వినబడేలా. నేను ఏదో అనబోయేంతలో వెనక నుంచి మా ఆయన అన్నం గిన్నె దించుతూ వచ్చాడు. ఆ ఇద్దరినీ చూశాడు. ఎవరో తెలుసు ఆయనకు. తెలిసే అడిగాడు.

"తిన్నరా తమ్మీ?"

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లేదన్నా" అన్నాడు హెల్మెట్ అతను. మా ఆయన స్టూళ్ళు జరిపాడు. అన్నం, పప్పు, నేను చేసిన దొండకాయ వేపుడు, పచ్చి పులుసు పెట్టాడు. తింటూ తింటూ, పచ్చి పులుసు మళ్ళీ పోయించుకుంటూ, "నెలాఖరుకు కట్టకపోతే మిషన్లు తీస్కపోతం అక్కా, మా చేతుల లేదు" అన్నాడు. చెయ్యి కడుక్కుని పోయాడు. ప్లేటు కూడా తీయలేదు.

వాళ్ళు పోయాక నేను విరుచుకుపడ్డాను.

"గాళ్ళు మన గ్రైండర్ ఎత్కపోనీకి వచ్చిండ్రు. చుట్టాలనుకున్నవా?"

"అన్నం యాల్లకు వాకిట్లకొచ్చినోన్ని ఎట్ల ఎల్లగొడ్తమే?"

"ఎందుకొచ్చిండ్రో తెల్వదా నీకు?"

"ఎందుకొచ్చినా ఆకలైతది గద."

ఆయనతో పోట్లాడితే ఇదే గోల. గట్టిగా తిట్టడానికి పనికొచ్చే మాట ఒక్కటీ అనడు. తర్వాత కూడా వాళ్ళు వచ్చారు, తిన్నారు, బెదిరించారు, పోయారు. ఒక ఆదివారం కోడికూర కూడా వేశాడు ఆ మహానుభావుడు. అయినా ఊరుకున్నాను. తిన్నవాడు కాస్త మెత్తబడతాడేమో, ఆఫీసులో వీళ్ళు మంచివాళ్ళు, కడతారు అని ఒక్క ముక్క చెప్తాడేమో అని నాకూ లోపల ఆశ ఉండింది.

చెప్పాడు. ఏం చెప్పాడో కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేస్తే తెలిసింది.

"మేడమ్, మీ దగ్గర రోజూ ఫ్రీగా భోజనాలు పెడుతున్నారట కదా. నాన్‌వెజ్ కూడా అని ఫీల్డ్ రిపోర్ట్‌లో ఉంది. బిజినెస్ బాగానే నడుస్తోందని, డబ్బు ఉండీ కావాలనే కట్టడం లేదని రాశారు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరికి పెడుతున్నమో రాసిండా అమ్మా? తిన్నది మీ మనిషే. పెట్టింది నా మొగుడు. మా అన్నం తిని, మాకు అన్నం పెట్టే తాహతుందని రాసిండా వాడు?"

"అవన్నీ నాకు తెలీదు మేడమ్. రిపోర్ట్‌లో ఉన్నది చెప్తున్నా."

ఫోన్ పెట్టేసి మా ఆయన దగ్గరికి పోయి అంతా చెప్పాను, మెల్లగా కాదు. ఆయన పప్పు ఎనుపుతున్నాడు. కవ్వం ఆపి విన్నాడు. "గట్ల రాసిండా?" అని ఒక్క మాట అడిగాడు. మళ్ళీ ఎనపడం మొదలుపెట్టాడు. ఇక ముందు ఎవరినీ తిన్నవా అని అడగొద్దు, అడిగితే నేను ఈ దుకాణంలో ఉండను అన్నాను. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

ఆ తర్వాతి సారి వచ్చినప్పుడు హెల్మెట్ అతను తనే స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ ప్లేటు రాకపోయేసరికి లోపలికి తొంగి చూశాడు.

"ఏందన్నా, ఇయ్యాల అన్నం లేదా?"

"ఉన్నది. పైసలిచ్చినోళ్ళకు" అన్నాను నేనే.

అతని మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి నేను అక్కను కాను. మొదట ఏమ్మా అయ్యాను, తర్వాత ఏయ్ అయ్యాను. ఆ నెలాఖరు దగ్గరపడింది. గ్రైండర్ పోతే పిండి పోతుంది. పిండి పోతే కిరాయికి చాలదు. కిరాయి కట్టకపోతే షట్టర్ పోతుంది. అది పోతే మా ఇద్దరికీ వేరే బతుకుతెరువు తెలియదు. పొద్దున లేవగానే నా ధ్యాసంతా దీని మీదే ఉండేది.

అంతలో గొయ్యి పూడ్చారు. పైన కంకర పోసి పోయారు. అదే మాకు మహాభాగ్యం. గ్రూపులో "దారి బాగైంది, రండి" అని పెట్టాను. ఒక బుధవారం మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత వరుస రోడ్డు దాకా పోయింది. నేను తల ఎత్తకుండా గోంగూర, ఆలుగడ్డ వేపుడు కవర్లలో నింపి ముడులు వేస్తున్నాను. మా ఆయన అన్నం గిన్నె తేవడం, ఖాళీ గిన్నె తీసుకుపోవడం. హెల్మెట్ అతను వచ్చి గల్లా ముందు నిలబడ్డం చూశాను. తల దించి, గల్లా ముందు అంచు మీదికి వంగి ఏదో చేస్తున్నాడు. చేసుకోనీ అనుకున్నాను. బేరం బాగా సాగుతున్నప్పుడు వాడి మొహం చూసే తీరిక ఎక్కడిది? కాసేపటికి పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నవ్వుకుంటూ.

జనం ఫోన్లు చూపిస్తున్నారు, ప్యాకెట్లు తీసుకుంటున్నారు. స్పీకర్ డబ్బా మాత్రం కిక్కురుమనలేదు. మధ్యాహ్నం పూట నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు, ఒక్కోసారి అన్నీ కలిపి ఆలస్యంగా చెప్తుంది. అదే అనుకుని ఇచ్చుకుంటూ పోయాను. సగం వరుస అయిపోయింది. అప్పుడు రోజూ పప్పు, పెరుగు తీసుకుపోయే ఒకమ్మాయి ఆగింది. కాకినాడ వైపు అమ్మాయి, ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది.

"ఆంటీ, మీ స్కానర్‌లో మీ పేరు రావట్లేదండి. ఎవరో మగాయన పేరు వస్తోంది. డబ్బులు వేసేయమంటారా?"

నేను గల్లా చుట్టూ తిరిగి ముందుకు వచ్చి చూశాను. మా స్కానర్ మీద వేరే స్కానర్ కాగితం అంటించి ఉంది. అంచులు గట్టిగా టేపు వేసి మరీ అంటించాడు. అంతసేపు మేము వండినదంతా, నేను ముడి వేసినదంతా వాడికి పోయింది.

పీకి పారేశాను. కాగితం చిరిగింది, నా గోరు కూడా చిట్లింది.

"ఏయ్, కంపెనీ పేపర్ చింపుతవా? కేసైతది" అన్నాడు.

"నా గల్లా మీద నీ కాగితం అంటిస్తే కేసు గాదార?"

"నీ బాకీలనే జమైతయి. నువ్విచ్చేదాక మేం కూసోవాల్నా?" అని వరుస వైపు తిరిగాడు. "అప్పు తెచ్చి ఎగ్గొట్టినోళ్ళ దగ్గర తింటున్నరు సార్ మీరు. జర చూస్కోండ్రి."

తల కొట్టేసినట్టయింది. నేను అందరి మొహాలూ చూశాను. రోజూ వచ్చేవాళ్ళే. ఎవరికి ఉప్పు తక్కువ కావాలో, ఎవరింట్లో పసిపిల్లకు కారం లేని పప్పు వేరుగా తీయాలో నాకు తెలుసు. అందరూ ఒక్కసారిగా ఫోన్లలోకి తలలు దించారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒకతను మాత్రం ముందుకు వచ్చాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"మేడమ్, ఆ ఇష్యూ మీరు తర్వాత చూసుకోండి. నేనైతే పే చేసేశా. నా రెండు కర్రీస్ ఇస్తే వెళ్ళిపోతా, కాల్ ఉంది."

ఇచ్చాను. ఏం చేస్తాను? అతను డబ్బు వేసిన మాట నిజం. కానీ ఆ రెండు ప్యాకెట్లు అతని చేతిలో పెట్టినప్పుడు వచ్చినంత కోపం నాకు ఆ హెల్మెట్ వాడి మీద కూడా రాలేదు. వాడు జీతానికి తిడుతున్నాడు. వీళ్ళకేమైంది?

నేను గంటె పట్టుకుని హెల్మెట్ వాడి మీదికి పోబోయాను. మా ఆయన వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అతని వైపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. హెల్మెట్ అతను బైక్ ఎక్కి పోయాడు.

కాకినాడ అమ్మాయి పోలేదు. పక్కనే నిలబడి ఉంది. "ఆంటీ, అది కంపెనీ పేరు కాదండి, మనిషి పేరు. కంపెనీకి కట్టే డబ్బయితే కంపెనీ పేరే రావాలి కదండి" అంది మెల్లగా. అంతదాకా నాకు ఆ సంగతి తట్టనేలేదు.

షట్టర్ సగం దించి, గ్రూపులో మాట్లాడి పెట్టాను. టైపు చేసే ఓపిక లేదు. "ఇయ్యాల మధ్యాహ్నం మా దగ్గర కొన్నోళ్ళు, మీ పైసలు మాకు రాలేదు. మా స్కానర్ మీద వేరేటోడు కాగితం అంటించిండు. మీ దగ్గర మళ్ళ అడగను. ఎవరి పేరు మీద పోయినయో ఆ ఫొటో ఒక్కటి గ్రూపుల పెట్టుండ్రి." పెట్టాక ఫోన్ బోర్లించి కూర్చున్నాను. ఎవరూ పెట్టరనే అనుకున్నాను.

పెట్టారు. ఒకటి వచ్చింది, వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత వరసగా. అన్నింటి మీదా ఒకే పేరు. ఇయర్‌ఫోన్ల అతను కూడా పెట్టాడు, కింద "సారీ మేడమ్, ఆ టైమ్‌లో అర్థం కాలేదు" అని. చేతులు జోడించిన బొమ్మ కూడా. గ్రూపులో ఇంతమందికి నోరుంది. గల్లా ముందు ఒక్కరికైనా ఉండి ఉంటే బాగుండేది. అయినా ఆ ఫొటోలే మాకు దిక్కయ్యాయి, ఆ మాట చెప్పకపోతే తప్పు.

మర్నాడు దుకాణం మూసి ఇద్దరం మాదాపూర్ పోయాం. ఈసారి నేను ఆ నెక్స్ట్ అన్న అమ్మాయి దగ్గర ఆగలేదు. నేరుగా అద్దాల గదిలోకి పోయి మేనేజరు ముందు ఫోన్ పెట్టాను. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా. ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతుంటే అతని మొహం మారుతూ వచ్చింది.

"ఇది మా కంపెనీ అకౌంట్ కాదు మేడమ్. ఆయన మా స్టాఫ్ కూడా కాదు. రికవరీ ఏజెన్సీ మనిషి."

"ఏజెన్సీని మా దుకాణానికి ఎవరు పంపిండ్రు?"

"అంటే, ప్రాసెస్ ప్రకారం..."

"పైసలు మా బాకీల పడ్డయా, లేదా?"

"పడలేదు మేడమ్."

"మంచిది. మేం ఇక్కడికెల్లి ఠాణాకే పోతున్నం. ఈ ఫొటోలు పెట్టినోళ్ళంతా సాక్ష్యం చెప్తరు" అన్నాను. చెప్తారో లేదో నాకు తెలియదు. ముందు రోజు వాళ్ళ నోళ్ళు చూశాను కదా. కానీ ఆ సంగతి అతనికి తెలియదు.

వెంటనే మంచినీళ్ళు వచ్చాయి. టీ వచ్చింది. కూర్చోండి సార్ అని మా ఆయనకు కుర్చీ వచ్చింది. ఆ డబ్బు మా ఖాతాలో జమ చేయిస్తానన్నాడు, వసూలు మనుషులు ఇక రారన్నాడు. తర్వాత కంప్యూటర్‌లో ఏదో నొక్కి, "మీకు త్రీ మంత్స్ టైమ్ ఇస్తున్నాం మేడమ్, పెనాల్టీ లేకుండా. గ్రూపుల్లో మాత్రం మా కంపెనీ పేరు పెట్టకండి" అన్నాడు.

మూడు నెలలు. గొయ్యి ఫొటోలు పట్టుకొచ్చి, చీర మార్చుకుని వచ్చి, నేను నోరు తెరిచి అడిగిన మూడు నెలలే. అప్పుడు సిస్టమ్‌లో లేవు. ఇప్పుడు టీ చల్లారేలోపు దొరికాయి. నేను అదే అనబోతుంటే, అంతసేపూ టీ ముట్టకుండా కూర్చున్న మా ఆయన నోరు తెరిచాడు.

"సార్, మేం అన్నం పెడుతున్నమని మీ కాగితంల రాసిండ్రంట. అది తీసేయుండ్రి."

మేనేజరుకు అర్థం కాలేదు. "ఏ కాగితం సార్? రిపోర్టా? దాంతో ఇప్పుడు మీకేం ప్రాబ్లం లేదు. టైమ్ ఇచ్చేశాం కదా."

"టైమ్ గురించి గాదు సార్. అన్నం పెట్టుడు తప్పని రాసినట్టుంటది. మంచిగ లేదు. తీసేయుండ్రి."

"సిస్టమ్‌లో ఒకసారి ఎంటరయ్యాక తీయడం కుదరదు సార్" అన్నాడు అతను, నిజంగానే బాధపడుతున్నట్టు.

మా ఆయన తల ఊపి లేచాడు. ఠాణాకు మేము పోలేదు. దుకాణం రోజుల తరబడి మూసుకుని అక్కడ బెంచీల మీద కూర్చుంటే వచ్చిన మూడు నెలలు కూడా దానికే పోతాయి. ఆ లెక్క మేనేజరుకూ తెలుసు, హెల్మెట్ వాడికీ తెలుసు. అందుకే వాళ్ళు అలా ఉంటారు. పోలేదన్న కోపం ఇంకా నాలో ఉంది.

జమ చేస్తానన్న డబ్బు నాలుగు సార్లు ఫోన్ చేస్తే గానీ పడలేదు. మనుషులు మాత్రం మళ్ళీ రాలేదు. పిండి మళ్ళీ పోవడం మొదలైంది. వాయిదాలన్నీ కట్టుకుంటూ వచ్చాం. పోయిన నెల చివరిది కట్టాం. ఆ వారంలోనే ఫోన్. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్. మీ రీపేమెంట్ రికార్డ్ చాలా బాగుంది. ఈసారి ఐదు లక్షల వరకు ఇవ్వగలం" అని ఒక తియ్యటి గొంతు. నేనన్న మాట ఇక్కడ రాయలేను. సందు చివర ఇస్త్రీ బండి దాకా వినబడిందట.

గ్రైండర్ ఉంది. ఫ్రిజ్ ఉంది. షట్టర్ పొద్దున్నే లేస్తోంది. గెలిచారు పో అని మా ఆడపడుచు అంటుంది. నేనూ అదే అనుకున్నాను, మొన్నటిదాకా.

మొన్న మధ్యాహ్నం కరెంటు మీటరు చూసే మనిషి వచ్చాడు. కొత్తతను, నడివయసు. ఎండలో నడిచి వచ్చి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. బిల్లు చింపి ఇచ్చి, స్టూలు నీడలో ఉందని దాని పక్కన నిలబడి మొహం తుడుచుకుంటున్నాడు. మా ఆయన అన్నం గిన్నె తెచ్చి మూత తీశాడు. ఆవిరి లేచింది. ఆ మనిషిని చూశాడు. నోరు తెరవబోయాడు. నా వైపు చూశాడు. మళ్ళీ గిన్నెలోకి తల దించుకుని, గరిటెతో ఊరికే అన్నం కదుపుతూ నిలబడ్డాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గ్రైండర్ తీసుకుపోతారని, ఫ్రిజ్ తీసుకుపోతారని అన్ని నెలలు కాపలా కాశాను. వాళ్ళు తీసుకుపోయింది ఇది. నా కళ్ళ ముందే తీసుకుపోయారు, నాకు తెలియనే లేదు. అడగొద్దన్నది నేనే. నాతో ఆ మాట అనిపించింది వాళ్ళు.

"ఏయ్, తిన్నవా?" అని అరిచాను.

మీటరు మనిషి ఉలిక్కిపడ్డాడు. "తిన్న అక్కా" అన్నాడు, తప్పు చేసి దొరికినట్టు.

"అబద్ధమాడకు. కూసో."

కూర్చున్నాడు. నేను ప్లేటు తీసి, అన్నం పెట్టి, మా ఆయన ముందుకు తోశాను. ఆయన ప్లేటు వైపు, నా వైపు చూస్తున్నాడు.

"నా మొకం ఏం చూస్తున్నవ్? పప్పెయ్యి."

వేశాడు. ఎప్పటిలాగే ఎక్కువ వేశాడు.